మన గ్రూపులో ముగ్గుల పోటీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ధనుర్మాసం నెల పట్టిన మర్నాటి నుంచే నా ఫోన్‌కి మెసేజ్‌లు మొదలవుతాయి. "అడ్మిన్ గారూ, ఈసారి పోటీ ఉందా?" అని కొందరు. "మా అపార్ట్‌మెంట్ గ్రూపులో మేమూ పెడదామనుకుంటున్నాం, ఎలా చెయ్యాలో చెప్పండి" అని ఇంకొందరు. ఆరేళ్ళుగా అవే జవాబులు టైపు చేసీ చేసీ విసుగొచ్చి, అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

మాది ముగ్గులంటే ఇష్టమున్న మూడొందల మంది వాట్సాప్ గ్రూపు. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఉన్నారు. బెంగళూరు, డాలస్, మెల్‌బోర్న్‌లలో ఉన్నవాళ్ళూ ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళే ఎక్కువ. వాకిట్లో ఎదురుపడేవాళ్ళయితే మాట తేడా వచ్చినా సాయంత్రానికి కలిసిపోతారు. ఇక్కడ అలా కాదు, చప్పుడు లేకుండా గ్రూపులోంచి వెళ్ళిపోతారు. కింది జవాబుల్లో సగం ఆ అనుభవంతో రాసినవే.

పోటీ ఏ తేదీల్లో పెడితే మంచిది?

ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతంలో మొదలై భోగితో ముగుస్తుంది. చాలామంది పండగ రోజునే ఆఖరి తేదీగా పెడతారు. అది పొరపాటు. భోగినాడు తెల్లవారకముందే మంట దగ్గరుంటారు, సాయంత్రం పిల్లలకి భోగిపళ్ళు, మధ్యలో చుట్టాలు. ఆ హడావిడిలో ఫోటో సరిగ్గా తియ్యలేదనో, పంపడం మర్చిపోయాననో బాధపడేవాళ్ళు ప్రతిసారీ ఉంటారు.

మేం డిసెంబరు 20న మొదలుపెట్టి జనవరి 6తో ఎంట్రీలు ఆపేస్తాం. 11న ఫలితాలు చెప్పేస్తాం. దీనివల్ల ఇంకో లాభం ఉంది. గెలిచిన డిజైన్‌ని పండగనాడు మిగతావాళ్ళు తమ వాకిట్లో వేసుకోవచ్చు. రెండేళ్ళ కిందట గోదావరి జిల్లా నుంచి ఒక అక్క పంపిన చెరుకుగడల ముగ్గు సంక్రాంతి పొద్దున మా గ్రూపులో పదిహేడు వాకిళ్ళలో కనిపించింది. మేం పంపిన బహుమతి ఏమైందో తెలీదు గానీ, ఆ పదిహేడు ఫోటోలూ ఆవిడ ప్రింటు తీయించుకుంది.

ఎన్ని విభాగాలు ఉండాలి?

మూడు చాలు. చుక్కల ముగ్గు, మెలికల ముగ్గు, రంగుల ముగ్గు. మొదటి ఏడాది మేం విభాగాలేమీ లేకుండా "మీకు నచ్చిన ముగ్గు పంపండి" అన్నాం. నెమళ్ళూ రంగులూ ఉన్నవే గెలిచాయి. ఒక్క తెల్లపిండితో, చెయ్యి వణక్కుండా ఇరవై ఒక్క చుక్కల మెలిక వేసిన పెద్దావిడకి ఏమీ రాలేదు. రంగు పక్కన తెలుపు ఎప్పుడూ వెలవెలబోతుంది, ఫోన్ తెరమీద మరీను. ఆ రెండూ వేర్వేరు విద్యలు. ఒకే తూకంలో వెయ్యకూడదని అప్పుడు తెలిసొచ్చింది.

గొబ్బెమ్మల అలంకరణ, పూలముగ్గు, పిల్లల ముగ్గు అంటూ పెంచుకుంటూ పోతే ఒక్కో దాంట్లో ముగ్గురే మిగులుతారు. అప్పుడు పోటీ ఉండదు, పంపకం ఉంటుంది.

చుక్కల లెక్క రాయమంటున్నారు. ఎలా రాయాలి?

పత్రికల్లో ముగ్గుల కింద వేసినట్టే. "15 చుక్కలు 15 వరసలు" అంటే నిలువుగా, అడ్డంగా ఒకదానికొకటి ఎదురుగా ఉండే చుక్కలు. మొత్తం 225. "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు" అంటే నడిమి వరసలో 15 పెట్టి, పైనా కిందా రెండు చుక్కల సందులో పడేలా 14, తర్వాత 13, అలా 8 దాకా తగ్గించుకుంటూ పోవడం. ఇది ఆరు మూలల ఆకారం, మొత్తం 169 చుక్కలు. సందు చుక్కనే కొన్ని ఊళ్ళలో మధ్య చుక్క అంటారు. రెండూ ఒకటే.

"15 చుక్కలు, ఎదురు చుక్క, 1 వచ్చేవరకు" అంటే మాత్రం వరసకి రెండేసి తగ్గుతాయి: 15, 13, 11 అలా. మొత్తం 113. అదే 15ని సందు చుక్కతో 1 దాకా తెస్తే మళ్ళీ 225 వస్తాయి. ఎందుకంటే అది 15 వరసల చతురస్రమే, మూల మీద నిలబడింది, అంతే. ఈ సంగతి తెలిసిన రోజు నేను నోట్‌బుక్‌లో మూడుసార్లు వేసి చూసుకున్నాను.

లెక్క ఎందుకు అడుగుతామంటే, అది ఉంటే ఎవరైనా ఆ ముగ్గు మళ్ళీ వేసుకోగలరు. చుక్కలు పెట్టాక, గీత మొదలుపెట్టకముందు ఒక ఫోటో తీసి అది కూడా పంపమంటాం. దీనికి ఇంకో ఉపయోగం ఉంది, కింద చెప్తాను.

మెలికల ముగ్గు ఒకే గీతతో వెయ్యాలా? "ఒకే గీత" అన్నది నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

వెయ్యాలన్న నియమం లేదు. కానీ ఒకే గీత అని రాసి పంపితే చూస్తాం. చూడ్డం తేలికే. ఫోన్ గ్యాలరీలో ఫోటో తెరిచి, ఎడిట్‌లో ఎర్ర పెన్ను తీసుకుని గీతవెంట పోవాలి. బయల్దేరిన చోటికి తిరిగొచ్చేసరికి ముగ్గంతా ఎర్రబడితే ఒకే గీత. తెల్లగా ఎక్కడైనా మిగిలితే కాదు.

దీని వెనక ఓ చక్కటి లెక్క ఉంది. ఎదురు చుక్కల మీద, ఎక్కడా అడ్డు పెట్టకుండా మామూలు అల్లికతో చుట్టుకుంటూ పోతే ఎన్ని గీతలు పడతాయో ముందే చెప్పొచ్చు. ఒక్కో వరసలో చుక్కల సంఖ్యకీ వరసల సంఖ్యకీ గ.సా.భా. (రెండిటినీ శేషం లేకుండా భాగించే అతిపెద్ద సంఖ్య) ఎంతో అన్ని గీతలు. బడిలో చదువుకున్న ఆ గ.సా.భా.నే! 4 చుక్కలు 5 వరసలు వేస్తే ఒకే గీతలో అయిపోతుంది. 4 చుక్కలు 6 వరసలకి రెండు. 5 చుక్కలు 5 వరసలకి ఐదు వేర్వేరు గీతలు ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. కాబట్టి ఐదు ఐదుల మీద ఎవరైనా ఒకే గీతతో తెచ్చారంటే, కొన్ని చోట్ల గీతల్ని దాటించకుండా వెనక్కి తిప్పారన్నమాట. ఆ తిప్పడం ఎక్కడ చేశారన్నదే వాళ్ళ తెలివి. జడ్జిలు చూడాల్సింది అక్కడ.

ముగ్గుల్లో ఇంత లెక్క ఉందా అని నవ్వేవాళ్ళకి ఒక మాట. 1974లోనే గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ కలిసి తమిళుల కోలాల మీద కంప్యూటర్ సైన్స్ పరిశోధన పత్రం రాశారు. భాషకి వ్యాకరణం ఉన్నట్టే ముగ్గుకీ రాయొచ్చని వాళ్ళు చూపించారు. మన అమ్మమ్మలు ఆ వ్యాకరణం వేలికొసలతో చెప్పేవాళ్ళు.

"సొంత డిజైన్" అంటే ఏమిటి? అమ్మ నేర్పిన ముగ్గు పంపకూడదా?

అన్నిటికంటే ఎక్కువ తగవులు ఇక్కడే వచ్చాయి. కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

మూడో ఏడు ఇద్దరు ఒకే ముగ్గు పంపారు. ఒకరు గుంటూరు వైపు, ఇంకొకరు కరీంనగర్ వైపు. ఎనిమిది రేకుల తామర, రేకు రేకు మధ్య దీపం. ఇద్దరూ సొంతమే అన్నారు. "నాది చూసి వేశారు" అని ఒకరు, "మీకంటే ముందు నేను పంపాను" అని ఇంకొకరు. రాత్రి పదకొండు దాకా గ్రూపు అట్టుడికిపోయింది. మర్నాడు ఇద్దరితో విడివిడిగా మాట్లాడితే తేలిందేమిటంటే, ఒకరి పెద్దమ్మ దగ్గరా ఇంకొకరి అత్తగారి దగ్గరా బస్టాండులో కొన్న పాత ముగ్గుల పుస్తకాలున్నాయి. రెండు పుస్తకాల్లోనూ ఆ తామర ఉంది. చిన్నప్పటి నుంచీ వేస్తున్నారు కాబట్టి సొంతమే అనుకున్నారు. ఇద్దరిదీ అబద్ధం కాదు.

ఆ తర్వాత మేం "సొంతమా, కాపీనా" అని అడగడం మానేశాం. బదులుగా ఎంట్రీతోపాటు ఒక వాక్యం రాయమంటున్నాం: ఈ ముగ్గు మీకు ఎక్కణ్ణుంచి వచ్చింది? "మా నాయనమ్మ నోట్‌బుక్‌లోది, నేను చివర చిలకలు కలిపాను" అని రాస్తే చాలు. కొత్తదనానికి ఇచ్చే మార్కులు ఆ కలిపిన భాగానికే. పూర్తిగా పాత ముగ్గయితే కొత్తదనంలో సున్నా పడుతుంది, గీతకి ఇచ్చే మార్కులు మాత్రం పూర్తిగా వస్తాయి. ఆ వాక్యం అడగడం మొదలుపెట్టాక తగవులు చాలావరకు తగ్గాయి. పైగా ఆ వాక్యాలు చదవడానికే పోటీ చూసేవాళ్ళు ఎక్కువయ్యారు.

వీడియో చూసి ఉన్నదున్నట్టు దించేస్తే మాత్రం పోటీకి తీసుకోం. గ్రూపులో పెట్టుకోవచ్చు, అందరూ మెచ్చుకుంటారు, ఇబ్బంది లేదు.

చట్టప్రకారం ముగ్గు మీద హక్కు ఎవరిది?

తరతరాలుగా వేసుకుంటున్న ముగ్గు అందరిదీ. కొత్తగా మీరు గీసింది మీది. 1957 కాపీరైట్ చట్టం బొమ్మల్ని, డ్రాయింగుల్ని కళాకృతులుగానే చూస్తుంది. గీసినవాళ్ళకే హక్కు ఇస్తుంది. గ్రూపులో పోస్టు చేసినంత మాత్రాన ఆ హక్కు అడ్మిన్‌కి రాదు. కాబట్టి ఎంట్రీలన్నీ కలిపి పీడీఎఫ్ చేద్దామన్నా, క్యాలెండర్ వేద్దామన్నా ఒక్కొక్కరినీ అడగాలి. మేం ఎంట్రీ ఫారంలోనే "పీడీఎఫ్‌లో పెట్టుకోవచ్చా? అవును / వద్దు" అని ఒక ప్రశ్న పెట్టాం. వద్దన్నవాళ్ళని కారణం అడగం.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, వాకిలి లేదు. కాగితం మీద వెయ్యొచ్చా?

వెయ్యొచ్చు. నల్ల చార్టు మీద తెల్లపిండితో వేస్తే నేలమీద వేసినట్టే కనిపిస్తుంది. అమెరికాలో జనవరిలో మంచు పడే చోట ఉన్నవాళ్ళు అట్టపెట్టె విప్పి, దాని మీద వేసి పంపుతుంటారు. ఒకసారి ఒకమ్మాయి ఓవెన్ ట్రే తిరగేసి వేసింది! కాగితం మీద పెన్నుతో గీసినవి మాత్రం పోటీకి తీసుకోం. చిటికెలోంచి పిండి జారడంలో ఉండే కష్టం పెన్నులో లేదు.

బాల్కనీలో వేసేవాళ్ళు కింది ఫ్లాట్‌వాళ్ళ ఆరేసిన బట్టలు ఒకసారి చూసుకోండి.

ముగ్గు గొట్టాలు, అచ్చులు, జల్లెడ వాడొచ్చా?

గీతకి వద్దు, రంగుకి సరే. చుక్కల, మెలికల విభాగాల్లో చేత్తోనే వెయ్యాలి. రంగుల విభాగంలో టీ జల్లెడతో రంగు చల్లుకోవచ్చు, గాజు పెట్టి గుండ్రం చేసుకోవచ్చు, దువ్వెనతో గీతలు తీసుకోవచ్చు. ఇయర్‌బడ్‌తో రేకులు లాగేవాళ్ళున్నారు, అద్భుతంగా వస్తాయి. గొట్టం దొర్లించి బార్డర్ వేసేస్తే మాత్రం ఆ బార్డర్‌కి మార్కులుండవు.

ఏ పిండి వాడాలి?

మీ ఇష్టం. బియ్యప్పిండి అయితే చీమలకీ పిచ్చుకలకీ ఇంత తిండి. ముగ్గుపిండి తెల్లగా, గీత లావుగా పడుతుంది. రంగు నునుపుగా జారాలంటే మెత్తటి ఉప్పు కలుపుతారు. పిండి తేడా చూసి మార్కులు వెయ్యకూడదని జడ్జిలకి ముందే చెప్తాం.

పొడి సున్నం మాత్రం వాడకండి. చేతుల్ని కాలుస్తుంది, కంట్లో పడితే ప్రమాదం. పిల్లలు పక్కన కూర్చుని ఊదుతుంటారు కూడా. చవక రంగులు కొన్ని టైల్స్‌కి పట్టేస్తాయి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు ముందు ఒక మూల చిటికెడు వేసి, తడిపి చూసుకోండి. నేను చూసుకోలేదు, ఖాళీ చేసేటప్పుడు ఓనరుకి డబ్బులు కట్టాను.

ఫోటో ఎలా తియ్యాలి?

ముగ్గు మొత్తం కనపడాలి, నిటారుగా పైనుంచి తియ్యాలి. పక్కనుంచి తీస్తే మనకి దగ్గరున్న చుక్కలు ఎడంగా, దూరంగా ఉన్నవి ఇరుకుగా పడి, తిన్నగా వేసిన ముగ్గు కూడా వంకరగా కనిపిస్తుంది. స్టూలెక్కి, ఫోన్ నడిమి చుక్కకి సరిగ్గా పైన పట్టుకోండి. ఎవరినైనా స్టూలు పట్టుకోమనండి. పొద్దున ఏడులోపు నీడలు పొడుగ్గా పడతాయి, మిట్టమధ్యాహ్నం తెలుపు మెరిసిపోయి గీత అంచు తెలీదు. ఎండ ముదరకముందో, ఇంటి నీడ వాకిట్లో పడ్డాకో తీస్తే బాగుంటుంది. కళ్ళాపి చల్లిన నేల పూర్తిగా ఆరకముందే, చెమ్మ ఉండగా తీసిన ఫోటోలో తెలుపు ఎత్తుగా కనిపిస్తుంది. ఫిల్టర్లు వద్దు.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది, సన్నగీతలు అలుక్కుపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది. కానీ ఒక జాగ్రత్త. డాక్యుమెంట్‌గా పంపిన ఫోటోలో మీరు ఎక్కడ తీశారో ఆ చోటు వివరం కూడా దాగి ఉండొచ్చు. అందుకే ఆ ఫోటో గ్రూపులో పెట్టకుండా ఎంట్రీలు తీసుకునే ఒక్కరికే పంపమంటాం. ఆవిడ ఆ చోటు వివరం తీసేసి, ఇంటి నంబరు, బండి నంబరు, పిల్లల మొహాలు కనిపిస్తే కత్తిరించి, నంబరు వేసి గ్రూపులో పెడుతుంది.

ఏఐతో చేసిన ముగ్గు బొమ్మలు పంపితే?

గత రెండేళ్ళుగా వస్తున్నాయి. చాలావాటిని గుర్తుపట్టడం కష్టమేం కాదు. చుక్కలు లెక్కపెట్టండి. చాలాసార్లు ఎడమవైపు ఏడుంటే కుడివైపు ఎనిమిది ఉంటాయి. గీత ఒక చోట రంగులో కలిసి మాయమై ఇంకో చోట తేలుతుంది. పైకి ఎంతో పొందిగ్గా ఉంటుంది, వెయ్యబోతే పడదు. చుక్కల ఫోటో వేరుగా అడగడంలో రెండో ఉపయోగం ఇదే. చుక్కల ఫోటో, సగం గీతల ఫోటో, పూర్తి ముగ్గు, మూడూ అదే నేలమీద ఉంటే ఇక అనుమానం ఉండదు.

అనుమానం వచ్చినప్పుడు గ్రూపులో అడగొద్దు. విడిగా ఫోన్ చేసి "ఇంకో ఫోటో ఉందా అండీ?" అంటే చాలు. ఫోటో లేకపోతే వాళ్ళే ఎంట్రీ వెనక్కి తీసుకుంటారు. ఒకసారి ఏఐ అనుకుని అడిగితే, ఆ అబ్బాయి కళ్ళాపి నుంచి చివరి చుక్క దాకా గంటంబావు వీడియో పంపాడు. సిగ్గుపడి మొత్తం చూశాను.

డిజైన్ ఆలోచించుకోడానికి ఏఐ సాయం తీసుకుని, దాన్ని చేత్తో నేలమీద వేస్తే? ఇది మాకూ పూర్తిగా తేలలేదు. ప్రస్తుతానికి ఒప్పుకుంటున్నాం, "ఎక్కణ్ణుంచి వచ్చింది" దగ్గర ఆ మాట రాస్తే.

జడ్జిలుగా ఎవరుండాలి?

ముగ్గురు. అందులో ఇద్దరైనా ఆ ఏడాది పోటీలో లేనివాళ్ళు, గ్రూపులో ఎవరికీ దగ్గరి చుట్టం కానివాళ్ళు అయ్యుండాలి. డ్రాయింగ్ టీచరు ఒకరు దొరికితే మంచిదే. కానీ ముగ్గురూ డ్రాయింగ్ టీచర్లయితే రంగుల పొందిక చూస్తారు తప్ప చుక్కల తడబాటు పట్టుకోరు. ముప్ఫై ఏళ్ళు రోజూ వాకిట్లో ముగ్గేసిన ఒక అమ్మగారు ఉంటేనే తీర్పు నిలబడుతుంది. మా జడ్జమ్మ ఒకావిడ ఫోటో చూసి "ఈ పిల్ల కుడిచేత్తో మొదలెట్టి, నొప్పెట్టి, ఎడంచేత్తో ముగించింది" అంది. అడిగితే నిజమే.

జడ్జిలకి పేర్లు వెళ్ళవు, నంబర్లే వెళ్తాయి.

మార్కులు ఎలా కలపాలి?

ఇక్కడ మేం రెండేళ్ళు తప్పు చేశాం. ముగ్గురి మార్కులూ కూడేసి ఎక్కువ వచ్చినవాళ్ళని గెలిపించాం. ఒక జడ్జి అందరికీ 38 నుంచి 42 మధ్యలో వేస్తే, ఇంకో జడ్జి 12 నుంచి 48 దాకా వేస్తారు. అప్పుడు కూడితే ఆ రెండో జడ్జి ఇష్టమే గెలుస్తుంది, మొదటి జడ్జి ఉన్నా లేనట్టే.

ఇప్పుడు మార్కులు వాళ్ళ దగ్గరే ఉంచుకుని, వరస మాత్రం ఇమ్మంటాం. ఒక్కొక్కరూ తమకి నచ్చిన పది ముగ్గుల్ని 1 నుంచి 10 దాకా పేరుస్తారు. పేర్చిన వాటిలో లేని ముగ్గుకి 11. మూడు వరసలూ కూడితే ఎవరికి తక్కువ వస్తే వాళ్ళు మొదటి స్థానం. సమానంగా వస్తే ఇద్దరికీ ఇచ్చేస్తాం, చీటీలు వెయ్యడాలు అవీ లేవు.

జడ్జిలు తమకోసం వేసుకునే లెక్క 50కి: చుక్కల పొందికకి 10, గీత నిలకడకి 20, కొత్తదనానికి 20. రంగుల విభాగంలో చుక్కల బదులు రంగుల ఎంపిక చూస్తారు.

గ్రూపులో పోల్ పెట్టేస్తే సులువు కదా?

సులువే, కొంపలు కూల్చడానికి కూడా. వాట్సాప్ పోల్‌లో 12 ఆప్షన్లే పడతాయి. 60 ఎంట్రీలొస్తే ఐదు పోల్‌లు పెట్టాలి. అంతకంటే పెద్ద చిక్కు, ఎవరు ఎవరికి ఓటేశారో అందరికీ కనిపించడం. "మా చెల్లెలి తోడికోడలు నాకు వెయ్యలేదు" అని ఒకామె నెలరోజులు బాధపడింది. చుట్టాలెక్కువున్నవాళ్ళు గెలవడం సరేసరి.

ఓటింగ్ సరదా కావాలంటే "గ్రూపు మెచ్చిన ముగ్గు" అని వేరే పెట్టండి, అసలు ఫలితంతో సంబంధం లేకుండా. దానికి గూగుల్ ఫారం వాడి, ఒకరికి ఒకే ఓటు అనే సెట్టింగ్ ఆన్ చెయ్యండి. ఫారంలో ఫోటోల వరస ఒకేలా ఉంటే మొదట్లో ఉన్నవాటికే ఓట్లు పడతాయి, అందుకని వరస మారుతూ ఉండేలా పెట్టండి.

విదేశాల్లో ఉన్నవాళ్ళకి ఆఖరి గడువు ఏ టైము?

భారత కాలమానమే, అందరికీ ఒకటే. రాత్రి 10 గంటలని పెడతాం. అప్పుడు న్యూయార్క్‌లో అదే రోజు పొద్దున 11:30, లండన్‌లో సాయంత్రం 4:30. మెల్‌బోర్న్‌లో మాత్రం అప్పటికే మర్నాడు తెల్లవారుజాము 3:30. "6వ తేదీ రాత్రి దాకా" అని మాత్రమే రాస్తే ఒక్కొక్కరూ తమ గడియారం చూసుకుంటారు. ఊళ్ళ పేర్లతో టైములు రాసేయండి.

మగవాళ్ళు పాల్గొనొచ్చా?

ఇదేం ప్రశ్న! కిందటేడు మెలికల విభాగంలో రెండో స్థానం ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారిది.

దేవుడి బొమ్మలు వెయ్యొచ్చా? రాజకీయాలు?

దేవుడి రూపం నేలమీద వేస్తే తొక్కుతారని చాలామంది పెద్దలు ఒప్పుకోరు. వేసినవాళ్ళు భక్తితోనే వేస్తారు. వాదించుకుంటే ఇద్దరి మనసూ నొచ్చుకుంటుంది. అందుకని శంఖం, దీపం, కలశం, పద్మం వరకే అని నియమం పెట్టాం. పార్టీ గుర్తులు, నాయకుల మొహాలు, కులం పేర్లు, సినిమా హీరోల పేర్లు వద్దు. ఆఖరిది రాయడానికి కారణం ఊహించుకోగలరు.

మా గ్రూపులో క్రైస్తవులు, ముస్లింలు కూడా ఉన్నారు. పోటీకి "సంక్రాంతి ముగ్గు" అనే షరతు లేదు. జనవరి 1న వేసిన ముగ్గు అయినా తీసుకుంటాం.

ఎంట్రీ ఫీజు, బహుమతులు?

ఫీజు వద్దు. పది రూపాయలు తీసుకున్నా సరే, ఆ పూట నుంచి అది సరదా కాదు, లెక్క చెప్పాల్సిన వ్యవహారం. బహుమతి చిన్నదే మంచిది. మేం ఇత్తడి ముగ్గు గిన్నె, రెండు రంగుల డబ్బాలు పంపుతాం. ఒక ఏడు ఎవరో స్పాన్సర్ చేస్తామంటే ఆశపడి మిక్సీ పెట్టాం. ఎంట్రీలు రెట్టింపయ్యాయి, ఫిర్యాదులు అంతకు రెట్టింపయ్యాయి. మళ్ళీ ఆ జోలికి పోలేదు.

ఫలితం నచ్చకపోతే ఎవరికి చెప్పాలి?

ఎంట్రీలు తీసుకున్నావిడకి, ఫోన్ చేసి, ఒక రోజులోపు. గ్రూపులో రాస్తే జవాబివ్వం. ఈ మాట పోటీ మొదలవకముందే పిన్ చేసి పెట్టాలి, తర్వాత పెడితే ఎవరి నోరో నొక్కినట్టు ఉంటుంది.

తప్పు మనదైతే మాత్రం గ్రూపులోనే ఒప్పుకోవాలి. నాలుగో ఏడు నేను ఒక ఎంట్రీకి నంబరు వెయ్యడం మర్చిపోయాను. ఆ ముగ్గు జడ్జిల దాకా వెళ్ళనే లేదు. ఫలితాలొచ్చాక ఆమె "నా నంబరెంత వదినా?" అని మెల్లగా అడిగింది. నా గుండె జారిపోయింది. గ్రూపులో జరిగింది రాశాను, జడ్జిలకి ఆ ఒక్క ముగ్గు మళ్ళీ పంపి వరసలో ఎక్కడ పెడతారో అడిగాను. ఆరో స్థానం వచ్చింది. బహుమతి లేదు. అయినా ఆమె ఏమీ అనలేదు, ఆ ఏటి నుంచి నంబర్లు వేసే పని తనే తీసుకుంది. పైన "ఎంట్రీలు తీసుకునే ఆవిడ" అని రాసింది ఆమె గురించే.

గెలవనివాళ్ళకి ఏమైనా చెప్పాలా?

చెప్పాలి. అరవై ముగ్గుల కింద అరవై సార్లు "సూపర్", "బాగుంది" పడితే ఎవరికీ ఏమీ అందదు. ప్రతి జడ్జినీ ఒక్కో ముగ్గుకి ఒక్క వాక్యం రాయమంటాం, మెచ్చుకోలైనా సరే, లోపమైనా సరే, ఆ ముగ్గుకి మాత్రమే చెందేలా. "మూడో వరస దగ్గర చుక్కలు ఎడమకి జరిగాయి, అందుకే కింది రేకు లావైంది" లాంటిది. ఇవి విడిగా వాళ్ళకే పంపుతాం.

పోటీ అయిపోయాక గ్రూపు చప్పగా అయిపోతోంది. ఏం చెయ్యాలి?

మేం కనుమనాడు రథం ముగ్గు పెడతాం. ఊళ్ళలో రథం వేసి దాని తాడుని పక్కింటి వాకిలి దాకా లాగి కలుపుతారు కదా, అదే పని ఫోన్‌లో. ముందురోజు పేర్ల వరస గ్రూపులో పెడతాం. ప్రతివాళ్ళూ ఫోటోకి ఎడమ అంచు నడిమధ్యన తాడు లోపలికి వచ్చేలా, కుడి అంచు నడిమధ్యన బయటికి పోయేలా రథం వేస్తారు. వరస తప్పకుండా ఫోటోలు పెట్టుకుంటూ పోతే తాడు తెగకుండా సాగుతుంది. కిందటి కనుమకి నలభై మూడు రథాలు. మధ్యలో ఒకచోట కరెంటు పోయి నెట్ రాక తాడు రెండు గంటలు ఆగింది. వెనకున్నవాళ్ళంతా "రథం కదలట్లేదు, ఎవరైనా తొయ్యండి" అంటూ కూర్చున్నారు.

దానికి బహుమతి ఉందా?

లేదు.